మనుషులు లేని ఇసుక తీరాన్ని చదవడం ఎలా: దిబ్బలు, మెట్టలు, కెరటాలు, లాగే కాలవలు

శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది. కళింగపట్నం, బారువ లాంటి కొన్ని చోట్లు వదిలేస్తే మిగతాదంతా సర్వితోటలు, ఇసుక దిబ్బలు, అక్కడక్కడ ఒడ్డుకు లాగిన పడవలే. లైఫ్‌గార్డు ఉండడు, హెచ్చరిక జెండా ఉండదు, చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ కూడా అందదు. అలాంటి చోట నీళ్లెంత లోతు, ఎటు లాగుతాయి, అల ఎక్కడ విరుగుతుంది అన్నది చెప్పేది ఇసుకే. నీటి కింద ఉన్న ఇసుక మెట్ట అలను విరగ్గొడుతుంది. విరిగిన అల మళ్లీ ఆ మెట్టను జరుపుతుంది. ఈ రెండింటినీ విడదీసి చూస్తే ఏదీ అర్థం కాదు.

అందుకే ఇక్కడ చెప్పే వరస ఒకటే: ముందు పొడి ఇసుక, తర్వాత తడి ఇసుక, ఆఖరున నీరు. చాలామంది దీన్ని తిరగేస్తారు. బండి దిగీ దిగగానే అలల ఎత్తు చూసి "ఇవాళ సముద్రం నెమ్మదిగానే ఉంది" అని తేల్చేస్తారు. మోకాలెత్తు అలలున్న రోజున కూడా కాలవ, అంటే ఒడ్డు నుంచి సముద్రం వైపు పోయే ప్రవాహం, లాగుతుందని వాళ్లకు తెలియదు. ఉదాహరణలన్నీ ఉత్తరాంధ్ర తీరానివి. కొలిచే పద్ధతి మాత్రం ఏ ఇసుక తీరానికైనా పనికొస్తుంది.

వెంట ఉండాల్సినవి

1.5 మీటర్ల పొడవున్న రెండు తిన్నని కర్రలు కావాలి. వాటి మీద పై కొసను సున్నాగా పెట్టుకుని కిందికి సెంటీమీటర్ల గీతలు గీయండి. అడుగున అరచేతి వెడల్పు చెక్క బిళ్ల కొట్టకపోతే కర్ర ఇసుకలో దిగబడి లెక్క తప్పుతుంది. మేస్త్రీలు వాడే తూకం గుండు, 1.5 మీటర్ల తాడు, 30 మీటర్ల టేపు, సెకన్లు చూపే గడియారం, మూతున్న లీటరు గాజు సీసా లేదా పారదర్శకమైన ప్లాస్టిక్ సీసా, నాలుగు కమలాపండ్లు, రంగు గుడ్డ కట్టిన రెండు వెదురు గుంజలు తీసుకెళ్లండి. రాసుకోవడానికి పెన్సిలే మేలు, తడి కాగితం మీద పెన్ను మొరాయిస్తుంది. మనిషికి నాలుగు లీటర్ల నీళ్లు ఉండాలి. ఒక్కరే వెళ్లకండి. ఒకరు నీళ్ల దగ్గర ఉన్నంతసేపూ రెండోవాళ్లు ఒడ్డున ఉండి చూస్తుండాలి.

బయల్దేరే ముందు: ఏ రోజు, ఏ గంట

ఈ తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. సముద్రానికి ఎదురుగా నిలబడితే మీరు ఆగ్నేయం వైపు చూస్తున్నట్టు. కుడి చేయి నైరుతి, ఎడమ చేయి ఈశాన్యం. ఇది గుర్తుంటే సగం పని అయిపోయినట్టే. మార్చి నుంచి అక్టోబరు దాకా అలలు ఎక్కువగా దక్షిణం నుంచి, అంటే మీ కుడి పక్క నుంచి ఏటవాలుగా వస్తాయి, ఇసుకను ఎడమకు నెడతాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్యపు అలలు దాన్ని కుడికి తెస్తాయి. ఏడాది మొత్తం మీద చూస్తే ఉత్తరంగా వెళ్లే ఇసుకే ఎక్కువ. విశాఖపట్నంలో రేవు గోడల దక్షిణాన ఇసుక మేట వేసి, ఉత్తరాన ఉన్న నగర తీరం కోతకు గురవడానికి మూలం ఇదే. తవ్వి తీసిన ఇసుకను పంపులతో ఆ తీరానికి చేర్చే పని అందుకే పెట్టుకోవాల్సి వచ్చింది.

నీరు ఎక్కే పోటు, నీరు తీసే పాటు రోజుకు రెండేసి సార్లు. ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య 12 గంటల 25 నిమిషాలు, అంటే మర్నాడు అదే పోటు సుమారు 50 నిమిషాలు ఆలస్యం. పౌర్ణమి, అమావాస్యల తర్వాత పాడ్యమి, విదియ రోజుల్లో పోటుకూ పాటుకూ తేడా ఈ తీరంలో ఒకటిన్నర మీటరు దగ్గరకు వస్తుంది. అష్టమి ప్రాంతంలో అది అర మీటరుకు కాస్త అటూ ఇటూ. నేల వాలు ముప్పైకి ఒకటి, అంటే ముప్పై మీటర్లకు ఒక మీటరు దిగుడు ఉన్న చోట 1.4 మీటర్ల తేడా అంటే నీటి అంచు 42 మీటర్లు వెనక్కి పోతుంది. ఆ 42 మీటర్ల అడుగున ఉన్న మెట్టలూ కాలవలూ చూడాలంటే పెద్ద పాటు రోజే వెళ్లాలి. నీరు పూర్తిగా తీసే సమయానికి రెండు గంటల ముందే చేరుకుని, తిరుగు పోటు మొదలైన గంటలోపు తడి ఇసుక పని ముగించండి. పోటు ఒకే వేగంతో ఎక్కదు. ఆరు గంటల్లో మొదటి గంట మొత్తం తేడాలో పన్నెండో వంతు, రెండో గంట రెండు వంతులు, మూడో గంటా నాలుగో గంటా మూడేసి వంతులు ఎక్కుతుంది. "ఇంకా టైముందిలే" అనుకున్నవాళ్లను ముంచేది ఆ మూడో గంటే.

హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ తీరం వారీగా అలల ముందస్తు అంచనా ఇస్తుంది. అందులో ఎత్తు ఒక్కటే చూసి వదిలేయకండి. అల వ్యవధి (ఒక అలకూ తర్వాతి అలకూ మధ్య సమయం), దిశ కూడా రాసుకోండి. అల మోసుకొచ్చే శక్తి ఎత్తు వర్గాన్నీ, వ్యవధినీ బట్టి పెరుగుతుంది. 6 సెకన్ల వ్యవధితో వచ్చే మీటరు అల, 14 సెకన్లతో వచ్చే మీటరు అల కంటికి ఒకేలా ఉంటాయి, కానీ రెండోది మోసేది రెండు రెట్ల పైమాటే. ఈ దీర్ఘ వ్యవధి అలలు హిందూ మహాసముద్రం దక్షిణ కొసన తుపానుల్లో పుట్టి, ఇక్కడ గాలి లేని రోజున కూడా వచ్చి తగులుతాయి. కేరళ జాలర్లు దీన్ని కల్లక్కడల్ అంటారు, దొంగ సముద్రం అని. పేరు సరిగ్గా పెట్టారు. ఇన్‌కాయిస్ ఎత్తైన అలల హెచ్చరిక ఇచ్చిన రోజున ఈ పని పెట్టుకోకండి.

దిబ్బ మీద నిలబడి పావుగంట

ముందు దిబ్బ మీదికి ఎక్కండి. ఇసుకను పట్టి ఉంచే మొక్కలు తీరం ఆరోగ్యాన్ని చెబుతాయి. మేక గిట్టలాంటి ఆకులూ ఊదా పూలూ ఉన్న బాలబంద తీగ, ముళ్ల బంతుల్లా దొర్లే రావణాసురుడి మీసాల గడ్డి సముద్రం వైపు కొత్త కొసలు చాపుతుంటే అక్కడ ఇసుక మేట వేస్తోందన్నమాట. తీగ మధ్యలో తెగి వేళ్లు గాల్లో వేలాడుతుంటే కోత. సర్విచెట్లు వేళ్లతో సహా ఒరిగి ఉంటే అది ఒక్క సీజను కోత కాదు, ఏళ్ల తరబడి జరుగుతున్నది. ఒకచోట దిబ్బ గండి పడి వెనక ఇసుక విసనకర్రలా పరుచుకుని ఉంటే తుపాను నీరు అక్కడ దిబ్బ దాటి లోపలికి వెళ్లిందని అర్థం. 2018 అక్టోబరులో తిత్లీ, 2014 అక్టోబరులో హుద్‌హుద్ ఈ ఉత్తరాంధ్ర తీరాన్నే తాకాయి. అలాంటి గండి దగ్గర రాత్రి గుడారం వేయకూడదు.

దిబ్బ దిగగానే కొట్టుకొచ్చిన చెత్త గీతలు వెతకండి. సాధారణంగా మూడుంటాయి. తడిగా ఉన్నది నిన్నటి పోటుది. దాని పైన ఎండిన నాచు, పీత డిప్పలు ఉన్నది గత పౌర్ణమిదో అమావాస్యదో. అన్నిటికంటే పైన తాటికాయలు, దుంగలు, ప్లాస్టిక్ సీసాలు ఉన్నది తుపానుది. ఏ సామాను దించినా రెండో గీతకు పైన దించాలి.

ఆ గీతల మధ్య చదునుగా కనిపించే ఇసుక అరుగు అలలు కట్టినదే. అల పైకి పాకి, నీరు ఇసుకలోకి ఇంకిపోతూ, మోసుకొచ్చిన ఇసుకను అంచు మీద వదిలేస్తుంది. అందుకే అరుగు అంచు ఎత్తుగా, దాని వెనక భాగం ఒడ్డు వైపు కొద్దిగా పల్లంగా ఉంటుంది. నీటికి దూరంగా ఉందని ఆ పల్లంలో గుడారం వేయడం పెద్ద పొరపాటు. పెద్ద పోటులో ఒక్క అల అంచు దాటినా నీరంతా అక్కడికే చేరి నిలుస్తుంది.

అరుగు అంచు కత్తితో కోసినట్టు నిలువుగా తెగి ఉంటే ఎత్తు కొలవండి. తెగిన గోడ తడిగా, పొరలు కనిపిస్తూ ఉంటే కోత గత ఒకటి రెండు పోట్లలో జరిగింది. పొడి ఇసుక జారి అడుగున కుప్ప పడి ఉంటే పాతది. గోడ ఎంత చిన్నదైనా కింద కూర్చోకండి, పిల్లల్ని ఆడనివ్వకండి. మీటరు ఎత్తు ఇసుక గోడ హఠాత్తుగా కూలితే చప్పుడు కూడా కాదు.

నల్ల ఇసుక ఏం చెబుతుంది

భీమిలి, కళింగపట్నం, భావనపాడు ప్రాంతాల్లో తెల్ల ఇసుక మీద నల్లటి, ముదురు ఎర్రటి చారలు కనిపిస్తాయి. అది మురికి కాదు, చమురూ కాదు. నల్లది ఇల్మెనైట్, ఎర్రది గార్నెట్. వాటితో పాటు సిల్లిమనైట్, జిర్కాన్, కొద్దిగా మోనజైట్ ఉంటాయి. తూర్పు కనుమల రాళ్లు అరిగి నదుల ద్వారా వచ్చిన ఖనిజాలివి. మామూలు ఇసుక సాంద్రత 2.65 అయితే ఇల్మెనైట్‌ది 4.7 దాకా. అల వెనక్కి వెళ్తూ తేలిక గింజల్ని తీసుకుపోతుంది, బరువైనవి కదలక మిగిలిపోతాయి. కాబట్టి నల్ల ఇసుక దట్టంగా ఉన్న చోటల్లా తెల్ల ఇసుక కొట్టుకుపోయిందని లెక్క. పలుచటి చారలు రోజువారీ పని. సెంటీమీటర్ల మందం పొర అంటే గట్టి కోత.

అరుగు మీద మోకాలి లోతు మించకుండా చిన్న గుంట తవ్వి, గోడను అరచేత్తో నున్నగా చేస్తే తెల్లా నల్లా పొరలు బయటపడతాయి. ఒక్కో నల్ల పొర ఒక్కో కోత. దాని పైన ఉన్న తెల్లటి మందం ఆ తర్వాత తిరిగొచ్చిన మేట. చూశాక గుంట పూడ్చేయండి. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా మాత్రం అసలు తవ్వకండి, అది ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం. అన్నట్టు, నల్ల ఇసుక మధ్యాహ్నం అంగారమే. చెప్పులు విడిచి రావద్దు.

రెండు కర్రలతో తీరం వాలు కొలవడం

ఈ పద్ధతిని 1961లో కె. ఓ. ఎమెరీ ప్రచురించారు. ఖరీదైన పరికరమేదీ అక్కర్లేదు. సముద్రం అంచున ఆకాశం కలిసే గీతే మట్టం చూపే సాధనం.

దిబ్బ పాదం దగ్గర కదలని గుర్తు ఒకటి ఎంచుకోండి. తాటిచెట్టో, రాతి దిమ్మో సరిపోతుంది. అక్కడ మొదటి గుంజ పాతి, ఒడ్డుకు లంబంగా నీటి వైపు పదిహేను మీటర్ల దూరాన రెండో గుంజ పాతండి. ఆ రెండూ ఒకే వరసలో కనిపిస్తున్నంత సేపూ మీరు గీత తప్పలేదన్నమాట. ఒక కర్ర గుర్తు దగ్గర, రెండోది తాడు పొడవంత ముందు నిలపండి. తూకం గుండుతో రెండూ నిలువుగా ఉన్నాయో లేదో చూసుకోండి.

నేల సముద్రం వైపు దిగుతుంటే, వెనక కర్ర పక్కన ఉన్నవాళ్లు ముందు కర్ర కొసనూ ఆకాశపు గీతనూ ఒకే వరసలోకి తెచ్చుకోవాలి. ఆ చూపు వెనక కర్రను ఏ గీత దగ్గర తాకిందో, అన్ని సెంటీమీటర్లు నేల దిగినట్టు. నేల ఎక్కుతుంటే, వెనక కర్ర కొస మీదుగా ఆకాశపు గీతను చూసి అది ముందు కర్రను ఎక్కడ తాకిందో చదవండి. అన్ని సెంటీమీటర్లు ఎక్కినట్టు. దిగుడుకు మైనస్, ఎక్కుడుకు ప్లస్ వేయండి. తర్వాత వెనక కర్రను సరిగ్గా ముందు కర్ర ఉన్న గుంటలోకి మార్చి, ముందుది మళ్లీ తాడంత ముందుకు. అరుగు అంచు, కోత గోడ, చెత్త గీత, తడి అంచు తగిలిన చోటల్లా పక్కన ఒక మాట రాసుకోండి.

తప్పులు ఎక్కడొస్తాయంటే, పొగమంచు ఉన్న పొద్దున ఆకాశపు గీత కనిపించదు, కాసేపు ఆగాల్సిందే. తాడును నేల వాలు వెంట కాక అడ్డంగా సమంగా పట్టుకోవాలి. భూమి గుండ్రం కాబట్టి ఆకాశపు గీత నిజమైన మట్టం కంటే కాస్త కిందే ఉంటుంది. దాని వల్ల వంద మీటర్లకు ఆరు నుంచి పది సెంటీమీటర్ల దాకా దిగుడు తక్కువగా వస్తుంది. నెలనెలా ఒకే చోట కొలిచి పోల్చుకునేవాళ్లకు ఇది పెద్ద ఇబ్బంది కాదు.

అలలు పాకే భాగంలో వాలు ఎనిమిదికి ఒకటో, పదికి ఒకటో వస్తే అది నిటారు తీరం. రెండడుగులు వేయగానే నడుము లోతు, అల ఒడ్డు మీదే పెళ్లున పడుతుంది. మెడ, భుజం దెబ్బలు తగిలేది ఇలాంటి చోటే. నలభైకి ఒకటి వస్తే పరుపు తీరం, అల దూరాన విరిగి నురుగుతో వస్తుంది.

ఇసుక గింజ, సీసా లెక్క

అలలు పాకే భాగం మధ్య నుంచి గుప్పెడు ఇసుక తీయండి. బొంబాయి రవ్వలా గరగరలాడితే ముతక, పిండికి దగ్గరగా ఉంటే సన్నం. దీన్ని అంకెలోకి మార్చాలంటే సీసా నిండా నీళ్లు పోసి నీటి ఎత్తు కొలిచి, పై నుంచి చిటికెడు ఇసుక వదిలి, ఎక్కువ భాగం అడుగుకు చేరే సమయం చూడండి. 25 సెంటీమీటర్లు 5 సెకన్లలో దిగితే వేగం సెకనుకు 5 సెంటీమీటర్లు. గుప్పెడు వదిలితే ముద్దగా గబగబా దిగి లెక్క చెడుతుంది, చిటికెడే వేయాలి.

విరిగే అల ఎత్తును, ఆ వేగాన్ని వ్యవధితో గుణించగా వచ్చినదానితో భాగించండి. రైట్, షార్ట్ అనే ఆస్ట్రేలియా పరిశోధకులు 1984లో వాడుకలోకి తెచ్చిన కొలత ఇది. ఒకటి లోపు వస్తే నిటారు తీరం, ఆరు దాటితే పరుపు తీరం, మధ్యలో వస్తే మెట్టలూ కాలవలూ ఉన్న తీరం. 1.2 మీటర్ల అల, 9 సెకన్లు, 5 సెంటీమీటర్లు (అంటే 0.05 మీటరు) అయితే 1.2ను 0.45తో భాగించగా 2.7 వచ్చింది. ఈ మధ్య రకమే ఈత కొట్టేవాళ్లకు అన్నిటికంటే మోసకారి. అయితే ఒక మెలిక ఉంది. ఇసుక వెంటనే మారదు. ఇవాళ్టి లెక్కలో ఏమొచ్చినా, కనిపించే మెట్టలు గత వారం అలలు కట్టినవి. లెక్కా కళ్లూ కలవకపోతే కళ్లనే నమ్మండి.

అలల్ని కొలవడం

ఒక అల విరిగినప్పుడు గడియారం నొక్కి, అక్కణ్ణుంచి పదో అల విరిగేదాకా లెక్కించి పదితో భాగిస్తే వ్యవధి వస్తుంది. మూడుసార్లు చేసి సగటు తీయండి. 5 నుంచి 8 సెకన్లు దగ్గరి గాలి పుట్టించిన అల. 12 దాటితే దూరపుది.

ఎత్తుకు చిన్న కిటుకు. నీటి అంచున నిలబడి చూడండి. విరగబోయే అల శిఖరం ఆకాశపు గీతను తాకిందంటే అది మీ కంటితో సమానమైన మట్టంలో ఉంది. విరిగే అలలో సుమారు ముప్పాతిక వంతు సగటు నీటి మట్టానికి పైన ఉంటుంది కాబట్టి, కంటి ఎత్తుకు దానిలో మూడో వంతు కలపండి. గొంతుకూర్చుంటే పెద్దవాళ్ల కన్ను 80 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. అప్పుడు శిఖరం ఆకాశపు గీతను తాకితే అల మీటరు పైచిలుకు. నిలబడ్డా శిఖరం గీత దాటి పైకి లేస్తే రెండు మీటర్లు, ఇక నీళ్ల జోలికి పోవద్దు.

అయిదు నిమిషాలు చూసి తేల్చకండి. పెద్ద అలల సగటు ఎత్తు ఎంతో, వంద అలల్లో ఒకటి దానికి ఒకటిన్నర రెట్లు వస్తుంది. 8 సెకన్ల వ్యవధి అయితే వంద అలలకు 13 నిమిషాలు పడుతుంది. ఇరవై నిమిషాలకు తగ్గకుండా చూడాలి.

అల తన ఎత్తుకు సుమారు 1.3 రెట్ల లోతులో విరుగుతుంది. మీటరు అల ఎనభై మీటర్ల దూరాన విరిగిందంటే అక్కడ 1.3 మీటర్ల లోతున మెట్ట ఉంది. విరిగాక నురుగు ఆగిపోయి అల మళ్లీ నున్నబడితే మెట్టకూ ఒడ్డుకూ మధ్య లోతైన పల్లం ఉన్నట్టు. మెట్ట మీద నడుము లోతు చూసి ధైర్యంగా వెళ్లినవాళ్లు తిరిగొచ్చేటప్పుడు, పోటు ఎక్కాక, మునిగేది ఆ పల్లంలోనే.

లాగే కాలవ, అంటే రిప్ కరెంట్

మెట్ట దాటి ఒడ్డు వైపు వచ్చి పడిన నీరు తిరిగి వెళ్లడానికి మెట్టలో గండి వెతుక్కుంటుంది. అందులోంచి నీరు సముద్రం వైపు సెకనుకు అర మీటరు, ఒక్కోసారి రెండు మీటర్ల వేగంతో పోతుంది. రెండు మీటర్లంటే ఒలింపిక్ ఈతగాడికీ కష్టమే. అడుగు నుంచి కాళ్లు పట్టి లాగుతుందనే మాట నిజం కాదు. పైనున్న నీరే దూరానికి తీసుకుపోతుంది, కిందికి కాదు.

దిబ్బ మీద నుంచి దీన్ని గుర్తించాలి. రెండు పక్కలా తెల్లగా నురగ విరుగుతుంటే మధ్యలో విరగని, ముదురు రంగు నీటి పట్టీ. దాని మీద చిన్న చిన్న ముడతలు. నురుగూ కలక ఇసుకా మెట్ట దాటి బయటికి పుట్టగొడుగు ఆకారంలో విచ్చుకుంటాయి. ఒడ్డు మీద దానికి ఎదురుగా లోపలికి కోసుకుపోయిన చిన్న ఒంపు, ఆ ఒంపులో ఇసుక మరింత వాలు. అలలు విరగని, ప్రశాంతంగా కనిపించే చోటే దిగుదామనిపిస్తుంది. అక్కడే దిగకూడదు.

చూసే వేళ కూడా ముఖ్యం. చలికాలం పొద్దున పదింటికి సూర్యుడు ఆగ్నేయంలోనే ఉండి నీళ్లు అద్దంలా మెరుస్తాయి, కాలవ కనబడదు. ఆ నెలల్లో మధ్యాహ్నం మూడు దాటాక చూడండి, లేదా పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకోండి. నీరు తీసేటప్పుడు మెట్ట మీద లోతు తగ్గి నీరంతా గండిలోకే మళ్లుతుంది, కాలవ అప్పుడే బలంగా లాగుతుంది. పది నిమిషాలు నెమ్మదించి, పెద్ద అలల గుంపు వచ్చాక ఉన్నట్టుండి ఊపందుకోవడమూ మామూలే.

అనుమానంగా ఉంటే ఒడ్డు నుంచి కమలాపండు ఆ పట్టీలోకి విసరండి. పండు ఎక్కువ భాగం మునిగే ఉంటుంది కాబట్టి గాలికి కొట్టుకుపోదు, దూరానికి కనిపిస్తుంది. ఒడ్డుకు తిరిగొస్తే సరే, బయటికి పోతే అదే కాలవ.

ఎవరైనా అందులో పడితే ఎదురు ఈదకూడదు. వెల్లకిలా తేలుతూ ఊపిరి నిలుపుకుని, లాగుడు తగ్గాక ఒడ్డుకు సమాంతరంగా అలలు విరుగుతున్న వైపు ఈదాలి. అలలు విరిగే చోటే లోతు తక్కువ, అవే ఒడ్డుకు తోస్తాయి. ఒడ్డునున్నవాళ్లు దూకకూడదు. మూత బిగించిన ఖాళీ క్యానో, తాడో విసిరి, 112కు గానీ కోస్ట్‌గార్డు 1554కు గానీ ఫోన్ చేయాలి. సిగ్నల్ దిబ్బ మీద అందుతుందో లేదో ముందే చూసి పెట్టుకోండి.

ఒడ్డు వెంబడి ప్రవాహాన్ని కూడా అదే పండుతో కొలవచ్చు. విరిగే అలల లోపల పండు వేసి, ఒక నిమిషంలో ఒడ్డు వెంట ఎంత దూరం జరిగిందో టేపుతో చూడండి. 30 మీటర్లయితే సెకనుకు అర మీటరు. జూన్‌లో అది ఎడమకు పోవాలి. కుడికి పోతే ఏదో తేడా ఉంది, గాలి మారిందో, దగ్గర్లో నది మొగ ప్రభావమో.

మొగ దగ్గర

వంశధార లాంటి నది సముద్రంలో కలిసే మొగ దగ్గర పైన చెప్పిన లెక్కలేవీ నిలవవు. ఎండల్లో నది నీరు తగ్గాక అలలు ఇసుక గట్టు వేసి మొగను కుదిస్తాయి, పక్కకు జరుపుతాయి. వరదొస్తే కొత్తచోట తెగుతుంది. నిరుటి ఫొటో చూసుకుని వెళ్లొద్దు. పాటు నీరు బయటికి ఉరుకుతూ ఎదురుగా వచ్చే అలను ఢీకొంటే అల నిటారుగా లేచి కూలుతుంది. పడవలు తిరగబడేది ఆ గంటల్లోనే. నీరు తీసినప్పుడు మోకాలి లోతులో అవతలికి నడిచి వెళ్తే, తిరుగు పోటులో దారి ఉండదు. అంచున బురద కలిసిన మెత్తటి ఇసుక కాలు దిగేస్తుంది. అలివి వల లాగే జాలర్లు అక్కడుంటే మొగ ఎక్కడ లోతో అడగండి, వాళ్లు పడవ ఎటు తిప్పుతారో చూడండి.

మళ్లీ వచ్చేసరికి

ఒక్కసారి కొలిస్తే ఒక ఫొటో తీసినట్టే. అదే గుర్తు నుంచి, అదే దిశలో, నెలకోసారి విదియ రోజున కొలవండి. తేదీ, తిథి, గంట, అల ఎత్తు, వ్యవధి, పండు జరిగిన దిశ, కాలవల సంఖ్య, ఒక్కోటి గుర్తు నుంచి ఎన్ని అడుగుల దూరమో రాయండి. జనవరిలో వెడల్పుగా ఉన్న అరుగు ఆగస్టుకు సగమైతే కంగారు అక్కర్లేదు. ఆ ఇసుక మెట్టగా మారి నీటిలోనే ఉంటుంది, చలికాలం అలలు దాన్ని మెల్లగా వెనక్కి తెస్తాయి. వరసగా రెండు ఫిబ్రవరుల్లోనూ అరుగు తిరిగి కట్టుకోకపోతే అప్పుడది కోత. తుపాను వెళ్లాక సముద్రం శాంతించిన మూడు రోజుల్లోపు ఒకసారి, నెల తర్వాత ఒకసారి కొలవడం మంచిది. మధ్యలో ఎంత ఇసుక తిరిగొచ్చిందో ఆ రెండు గీతల తేడాలో కనిపిస్తుంది.